పూర్వులను వెదకుటలోని ధర్మము

తన పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెనను కోరిక మనుష్యునకు సహజము. పూర్వులు ఎక్కడినుండియో వచ్చి స్థిరపడిన చోట పుట్టినవానికి ఆ కోరిక మరికొంత బలముగా నుండును. తిరుచ్చులి మొదలు కోవిల్‌పట్టి వరకును, విరుదునగరము, సాత్తూరు, రాజపాళయము ప్రాంతములందును తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో ఏ పెండ్లికి పోయినను, శివరాత్రికి ఏ కులదైవము గుడికడ కూడినను, పెద్దల మాటలలో ఈ ప్రశ్న ఒకమారైనను వచ్చును: మనవారు ఏ యూరినుండి వచ్చిరి? ఎప్పుడు వచ్చిరి? ఎందుకు వచ్చిరి? దీనికి సమాధానము వెదకుట చరిత్రకారుల పని. వెదకునప్పుడు మనము ఏ నియమమును పాటింపవలెను, దొరకనిదానిని గూర్చి ఏమి చెప్పవలెను అనునది ధర్మవిషయము. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా ఈ రెండవ విషయమునే విచారింపదలచితిమి.

మొదట తెలిసినంతవరకు చెప్పుకొందము. తెలుగువారు దక్షిణమునకు ఒక్కనాడు, ఒక్కదారిని, ఒక్క కారణముచేత వచ్చినవారు కారు. 14వ శతాబ్దిలో విజయనగర రాజకుమారుడైన కుమార కంపన మధుర సుల్తానులను జయించినప్పుడు కొందరు సైన్యముతో వచ్చిరి. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పి, ఆ దేశము పాళెములుగా ఏర్పడినప్పుడు మరికొందరు వచ్చిరి. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగరము పాడుపడగా ఇంకను కొందరు బయలుదేరిరి. దండుతో సేద్యగాండ్రు, వారి వెనుక నేతగాండ్రు, వర్తకులు, తోలుపనివారు, పురోహితులు వచ్చిరి. తమిళులు వీరిని వడుగులనిరి. ఉత్తరమునుండి వచ్చినవారని దాని యర్థము. తామ్రపర్ణి పారు మాగాణి నేలలు అప్పటికే ఇతరుల చేతులలో నుండెను గనుక వడుగులు పెక్కుమంది కరిసల్ అని పిలువబడు నల్లరేగడి మెట్టభూములలో కుదురుకొనిరి. అట్టి నేలలో బావులు త్రవ్వి, ప్రత్తి పండించు నేర్పు వారికి వెంటవచ్చిన ఆస్తి. తిరునల్వేలి సీమ రైతుల చరిత్రను 1985లో వెలువరించిన డేవిడ్ లడ్డెన్ ఈ సంగతిని విశదముగా చూపినాడు.

ఇది సమూహముల చరిత్ర. ఒక్క కుటుంబము దారిని పట్టుకొని వెనుకకు నడువబోయినచో పని కష్టమగును. 20వ శతాబ్దిలో బడి సర్టిఫికెట్టులు, పట్టాలు, పెండ్లిపత్రికలు కలవు. 19వ శతాబ్దిలో రిజిస్టరు దస్తావేజులు కలవు. 1858లో ఏర్పడిన ఇనాము కమిషన్ వ్రాయించిన రిజిస్టరులలో ఇనాముదారు పేరు, అతనికి అది ఎట్లు సంక్రమించినది అను వివరము కనబడును. ఇంకను వెనుకకు పోయినచో 1801లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ వశమగుట, 1803లో జమీందారులకు శాశ్వత పైసలా జరుగుట మనకు అడ్డుగోడవలె నిలుచును. అంతకుముందు వ్రాతలో మిగిలినది కొద్ది: దేవాలయ శాసనములు, రాగిరేకులు, తాటాకు కట్టలు. వానిలో పేరు కలవారు దానమిచ్చినవారో, దానము పుచ్చుకొన్నవారో, పన్ను వసూలు చేసినవారో. ఎద్దులను తోలినవాని పేరు రాగిరేకున ఎక్కలేదు.

ఇంటిపేరు మనకొక ఆధారము. పెక్కు ఇంటిపేరులలో పాత యూరిపేరు దాగియుండును. కాని ఇక్కడి ఆచారము ప్రకారము బడిలోను కచేరిలోను పేరుకు ముందు తండ్రిపేరు మొదటి యక్షరమే వ్రాయుదురు. ఆంధ్రదేశమున ఆ చోటనుండునది ఇంటిపేరు. అందుచేత మూడు తరముల కాగితములు చూచినను మన ఇంటిపేరు ఒక్కచోటనైన కనబడకపోవచ్చును. అది పెద్దల నోటనే మిగిలియున్నది. ఆ నోరు మూతపడిన దినమున అదియు పోవును. పూర్వము రెడ్లకు, కమ్మవారికి గోత్రములును వంశక్రమమును చెప్పుచు ఊరూర తిరిగిన పిచ్చిగుంట్లవారు ఆంధ్రదేశమున నుండిరి. నేడు వారు వంశరాజులని వ్యవహరింపబడుచున్నారు. నోటి విద్యకు ఒక జాతియే కాపున్నట్టి ఏర్పాటది. దానినుండి దూరముగా వచ్చిన మన ఇండ్లలో ఆ కాపు అవ్వలకును తాతలకును మిగిలినది.

ఇది మన దౌర్భాగ్యమే యని తలంపనక్కరలేదు. కాగితములను భద్రపరచుటలో పేరుపొందిన స్కాట్‌లండు దేశమును చూతము. అక్కడి ప్రాచీనతమమైన పారిష్ రిజిస్టరు ఎరల్ అను ఊరిది, 1553 నాటిది. భూముల హక్కులను నమోదుచేయు సేసీన్ రిజిస్టరు 1617లో మొదలైనది. ప్రతి జననమును మరణమును ప్రభుత్వము తప్పనిసరిగా వ్రాయించుట 1855లో గాని ప్రారంభము కాలేదు. ఇంత యున్నను, 18వ శతాబ్దికి వెనుక ఒక కౌలుదారు కుటుంబమును పట్టుకొనవలెనన్న అక్కడివారును చీకటిలో తడుముకొనవలసినదే. ఉత్తరపు కొండసీమలోని పారిష్‌లు పెక్కింటికి ఆనాటి రిజిస్టరులు లేనే లేవు. ఆ సీమవారు చాలకాలము ఇంటిపేరుకు మారుగా ఫలానివాని కొడుకు, ఆ ఫలానివాడు మరొకని కొడుకు అని చెప్పుకొనెడివారు. అది మన తమిళసీమ పద్ధతికి దగ్గర. భూమిగలవాని వంశము అక్కడను వ్రాతకెక్కినది. భూమిలేనివాని వంశము అక్కడను మాటతో పోయినది.

స్కాట్‌లండును ఉదాహరించుటకు మరియొక కారణము కలదు. మన పాళెగాండ్ర వంశావళులను ప్రోగుచేయించినవాడు ఆ దేశస్థుడే. లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్టణమున పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరి, 1815లో భారతదేశమునకు సర్వేయర్ జనరల్ అయి, 1821లో మరణించెను. ఆయనకు కుడిభుజముగా నుండినవారు మన తెలుగువారైన కావలి సోదరులు. 1803లో బొర్రయ్య గతించిన పిమ్మట లక్ష్మయ్య ఆ భారమును వహించెను. ఊరూర తిరిగి కైఫీయతులు, వంశావళులు, ఎనిమిదివేలకు పైగా శాసనముల నకళ్లు వారు సమకూర్చిరి. అందు పెద్దభాగము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నది. ఆ శ్రమ లేనిచో దక్షిణాంధ్ర చరిత్రలో మనకు తెలిసినది ఇంకను తక్కువయై యుండెడిది.

ఆ వంశావళులను చదివినవారికి ఒక విశేషము తోచును. మూలపురుషుడు రాజసన్నిధిలో క్రూరమృగమునో, గర్వించిన జెట్టినో చంపును. రాజు మెచ్చి భూమిని బిరుదులను ఇచ్చును. ఎట్టయపురము ప్రభువుల కథయు ఇట్టిదే. చంద్రగిరినుండి వచ్చిన పూర్వుడు సోముడను మల్లుని చంపి, దిక్కులేనివారైన అతని ఎనమండుగురు తమ్ములకు తండ్రివలె నిలిచినందున ఎట్టప్పడయ్యెనని చెప్పుదురు. తమిళమున ఎట్టు అనగా ఎనిమిది. ఆ వంశచరిత్ర 1879లో వంశమణి దీపిక యను పేర తమిళమున గ్రంథరూపము నొందినది. ఇప్పుడు మెకంజీ దొర వంశనామము సంగతి చూడుడు. 17వ శతాబ్దిలో మెకంజీ తెగవారు తమ మూలపురుషుడు ఐర్లండు ప్రభువంశమునకు చెందిన కాలిన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనియు, అతడు వేటలో దుప్పివలన రాజునకు కలిగిన ప్రాణాపాయమును తప్పించి భూమిని పొందెననియు వ్రాసికొనిరి. 19వ శతాబ్దిలో చరిత్రకారులు ఆ కథకు ఆధారము లేదని త్రోసివేసిరి. రెండు సముద్రముల కావల నున్నవారికిని మనవారికిని ఒకే కథ ఎట్లు పుట్టినది? భూమి గలవానికి ఆ భూమి తనకెందుకు చెందెనో చెప్పవలసిన అక్కర యుండును. ఆ అక్కరయే మూలపురుషుని సృష్టించును.

ఇక ధర్మప్రశ్నకు వత్తము. వంశవృక్షమున ఖాళీ యున్నచోట ఘనమైన పేరొకటి వ్రాసికొన్నచో వచ్చిన నష్టమేమి? ఎవరి సొమ్మును దొంగిలించలేదు కదా, పిల్లలకు అభిమానము కలుగును కదా యని కొందరందురు. ఈ వాదము విన సొంపుగా నున్నది. కాని మేము విచారించినకొలది ఇందు మూడు అన్యాయములు కనబడుచున్నవి.

మొదటి అన్యాయము పూర్వులకే జరుగును. ఆ ఖాళీలో నిజముగా ఒక మనుష్యుడుండెను. అతడు ఎండలో బావి త్రవ్వెను, వానలేని యేడు విత్తనములను తినక దాచెను, బిడ్డలను బ్రతికించెను. మనము పుట్టుటకు అతడు కారణము. అతని చోటున పేరుగల దండనాయకుని కూర్చుండబెట్టినచో, నీవు మాకు చాలవు అని అతనితో చెప్పినట్లే. పితృభక్తి యని మనము తలచినది పితరులను తిరస్కరించుట యగును. ఖాళీని ఖాళీగా నుంచినచో అతని స్థానము అతనికే మిగిలియుండును.

రెండవ అన్యాయము లెక్కకు రానివారికి జరుగును. లెక్క వేసి చూతము. మనకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనమండుగురు. పది తరములు, అనగా సుమారు రెండువందల యేబది మొదలు మూడువందల సంవత్సరములు వెనుకకు పోవునప్పటికి ఆ ఒక్క తరముననే 1,024 స్థానములుండును. పది తరములు కలిపిన 2,046. కొడుకు, తండ్రి, తాత యని పురుషుల వరుసను మాత్రమే వ్రాసిన వంశవృక్షమున పది పేరులుండును. మిగిలిన 2,036 స్థానములు ఎవరివి? మనలో మేనరికములు ఎక్కువ గనుక ఒకే మనుష్యుడు రెండు మూడు స్థానములందు నిలుచును. నిజమైన సంఖ్య కొంత తగ్గును. తగ్గినను అది పది కాజాలదు. అందు సగము స్త్రీలు. పుట్టినింటి పేరు పెండ్లితోను, అత్తవారింటి పేరు మరణముతోను పోగొట్టుకొన్నవారు వారు. ఇంటిలో తెలుగు నిలిచినది వారివలన. తమిళము బడిలోను బజారులోను వచ్చినది. తెలుగు ఉయ్యాలకడ వచ్చినది.

వంశమునకు వెలుపల మరచినవారును కలరు. కపిలబావులకు తోలుబానలు కుట్టినవారు, పొలములలో కూలిచేసినవారు మన బండ్లు నడచిన దారులనే నడచిరి. అరుంధతీయులలో పెక్కు కుటుంబములు నేటికిని ఈ సీమలో ఇంట తెలుగే మాటలాడుచున్నవి. వారి పూర్వులకు ఇనాము రాగిరేకు లేదు, వంశావళి లేదు. తమిళనాడు ప్రభుత్వము 2009లో వారికి విద్యోద్యోగములలో మూడు శాతము ప్రత్యేకముగా కేటాయించినది. మన సంఘముల సంచికలలో వారి కుటుంబచరిత్రకు ఒక పుట కేటాయించినవి ఎన్ని? దండనాయకుని వంశమున చేరుటకు మనము పడు ఆత్రములో వందవ వంతు, మనతో నడచినవారిని గుర్తించుటకు పడినచో ఈ ప్రశ్న పుట్టకపోవును. తెలుగు మనకు పూర్వులిచ్చిన సొత్తైనచో వారును దానికి సమాన హక్కుదారులు.

మూడవ అన్యాయము మనకే జరుగును. మీరు ఎప్పుడు వచ్చితిరి, ఈ నేలకు మీరు పరాయివారు కారా యని అప్పుడప్పుడు కొందరు మనల నడుగుచుందురు. మేము విశ్వనాథ నాయకుని వెంట వచ్చితిమి, అప్పటినుండి ఏలినవారము అని మనలో కొందరు బదులు చెప్పుదురు. ఈ ప్రశ్నకును ఈ బదులునకును మూలము ఒక్కటే: నేలపై హక్కు పూర్వుల తేదీనుండి వచ్చునను నమ్మకము. ఆ నమ్మకమును ఒప్పుకొన్న దినమున, మనకంటె ముందు తేదీ చూపువానికి మనము లోబడవలసియుండును. నిజమైన బదులు వేరు. ఈ రేగడిలో మన వారి చెమట కలసినది. ఈ మట్టిలోనే వారు కలసిరి. ఇరుగుపొరుగు తమిళుల బిడ్డలతో మన బిడ్డలు పెరిగిరి. ఈ బదులు రాజులను అడ్డుపెట్టుకొనదు. మన రాజ్యాంగపు 16వ అధికరణమును ప్రభుత్వోద్యోగముల విషయమున వంశమును బట్టి గాని జన్మస్థలమును బట్టి గాని వివక్ష కూడదని విధించినది. న్యాయము ఇంత స్పష్టముగా నున్నప్పుడు కల్పిత వంశావళిని మనమెందుకు ఆశ్రయింపవలెను?

అట్లయిన పూర్వకథలన్నింటిని త్రోసివేయవలెనా? త్రోసివేయవలదు. సుల్తాను ఒకడు కన్యను కోరగా మనవారు రాత్రికి రాత్రి బయలుదేరిరనియు, నిండిన యేటికడ చిక్కుకొన్నప్పుడు రెండు గట్టులమీది కానుగచెట్లు వంగి వంతెనయై దాటించెననియు తొట్టియ నాయకులలో ఒక కథ కలదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దానిని వ్రాసికొనెను. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామస్థుడును తెలుగింటి బిడ్డయు నగు కి. రాజనారాయణన్ ఇట్టి వలసకథనే తన గోపల్లగ్రామము నవలకు పునాది చేసికొని, 1976లో తమిళ సాహిత్యమునకు మన పూర్వుల బ్రతుకును పరిచయము చేసెను. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. చెట్లు వంగెనా లేదా యని మేము అడుగము. భయపడి పరుగెత్తినవారికి ఒక చెట్టు దయ చూపినదని తరతరములు చెప్పుకొనుటలో, ఆ పరుగు ఎంత కఠినమైనదో తెలియుచున్నది. ఇట్టి కథకు పెద్దలు చెప్పినది యను పేరుండవలెను. దానిని ఇసవీ సంవత్సరము వేసి వంశవృక్షమున ఎక్కించినచో కథయు చెడును, చరిత్రయు చెడును.

ఇప్పుడు రక్తపరీక్షలు, లాలాజల పరీక్షలు వచ్చినవి. తండ్రినుండి కొడుకునకు పోవు వై క్రోమోజోము, తల్లినుండి బిడ్డలకు వచ్చు మైటోకాండ్రియా దూరపు చుట్టరికములను చూపగలవు. కాని అవి ఒక్కొక్కటి ఒక్కొక్క సన్నని దారము. పేరును చెప్పవు, ఊరును చెప్పవు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన, భారతదేశపు జనసమూహములు ఇంచుమించుగా అన్నియు సుమారు 4,200 మొదలు 1,900 సంవత్సరములకు పూర్వము తమలో తాము బాగుగా కలసిపోయినవని చూపినది. శుద్ధవంశమను గర్వమునకు ఈ శాస్త్రము తావీయదు.

మన సంప్రదాయము ఈ విషయమున చక్కని మితమును పాటించినది. తర్పణమున పేరుపెట్టి పిలువవలసినవి మూడు తరములు: తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు కూడ అట్లే పేరుతో పిలువబడుదురు; మాతామహుల వర్గమును విడువరు. గోత్రము తెలియనిచో కాశ్యప గోత్రము చెప్పుట పెద్దల మర్యాద. తనవారెవరును లేక పోయినవారికిని ఒక దోసెడు నీరు విడుచుట కలదు. ఆడి అమావాస్యకు రామేశ్వరమున సముద్రతీరమున నిలిచిన జనమును చూచినవారికి ఇది క్రొత్తగా చెప్పనక్కరలేదు. మూడు తరములకు పేరు, ఆపై వారికి నీరు. తెలియనివారికి కృతజ్ఞత చూపుటకు వారి పేరు తెలియవలసిన అక్కర లేదని దీని భావము.

మన తిరుచ్చులిలో 1879లో పుట్టిన వేంకటరామన్ అను బాలుడు 1896లో మధురలోని ఇల్లు విడిచి అరుణాచలమునకు పోవునపుడు ఒక చీటి వ్రాసి, సంతకముండవలసినచోట గీత మాత్రము గీచెను. తరువాత రమణ మహర్షియై ఆయన లోకమును అడిగించిన ప్రశ్న నేనెవడను అనునది. మనము సంసారులము, సంతకము మానలేము, మేమెవరివారము అను ప్రశ్నను వదలలేము. అయినను ఈ రెండవ ప్రశ్నకు బదులెంత దూరము పోయినను, మొదటి ప్రశ్నకు అది బదులు కాదు. దొడ్డ తాతవలన మనుమడు దొడ్డవాడు కాడు. పేరులేని తాతవలన అల్పుడును కాడు.

కావున సోదరీసోదరులకు మా మనవి యిది. ప్రతి కుటుంబమును ఒక నోటుపుస్తకము పెట్టుకొనవలెను. ఇంటిపేరు, గోత్రము, కులదైవము ఉన్న యూరు, పూర్వులు కాపురమున్న యూళ్లు తెలుగులోను తమిళములోను వ్రాయవలెను. పురుషుల పేరులతో సమానముగా స్త్రీల పేరులు, వారి పుట్టినిండ్లు వ్రాయవలెను. ఒక్కొక్క సంగతి ప్రక్కన అది దస్తావేజునందు చూచినదో, పెద్దలు చెప్పినదో, మన ఊహయో గుర్తుపెట్టవలెను. అటకమీది తాటాకులను, పాత పట్టాలను చెదలకు విడువక, చదువనేర్చినవారికి చూపవలెను. పొలమున తోడుపడిన ఇతర కులముల కుటుంబముల పేరులు తెలిసినచో అవియు చేర్చవలెను. ఎనుబది యేండ్ల అవ్వ ఇంటనున్నచో ఈ పని రేపటికి వాయిదా వేయరాదు.

తెలియనిచోట తెలియదు అని వ్రాయుటకు సిగ్గుపడవలదు. ఆ ఒక్క మాటను నిజాయితీగా వ్రాసినవారు, ముందు తరమువారికి వెదకుటకు చోటు మిగిల్చినవారగుదురు. అబద్ధపు పేరు వ్రాసినవారు ఆ తలుపును మూసినవారగుదురు. మనకు పూర్వులైన వారు అనేకులు, వారిలో పేరు మిగిలినవారు కొందరు. మిగిలినవారి ఋణమును మనము తీర్చగల మార్గమొకటి కలదు: ఇప్పుడు మన యింట, మన పొలమున, మన వీథిని ఉన్నవారిని పేరుతో పిలిచి, పేరుతో వ్రాసి, గౌరవముతో బ్రతుకనిచ్చుట.